నల్లమందు జాతి మందులు – శ్వాస – ప్రాణరక్షణ

విషానికి విరుగుడును ఉర్దూలో ‘తిర్యాఖ్’ అంటారు. మన కళాశాల ఉర్దూ మాధ్యమ విద్యార్థులకు ఈ మాట సుపరిచితమే. గ్రీకు భాషలో పుట్టి అరబ్బీ, ఫార్సీల ద్వారా మన వరకు వచ్చిన మాట ఇది. పూర్వకాలపు వైద్యులు పాముకాటుకు, ఇతర విషాలకు విరుగుడుగా అనేక ద్రవ్యాలను కలిపి ఒక లేహ్యాన్ని తయారు చేసేవారు. ఆ ద్రవ్యాలలో నల్లమందు ముఖ్యమైనది. కాలక్రమేణ ఇరాన్ దేశంలో ఆ లేహ్యం పేరు నల్లమందుకే పేరై నిలిచిపోయింది. ఒకే మాట ఒక దేశంలో విరుగుడు, మరొక దేశంలో మత్తుపదార్థం! నల్లమందు స్వభావం కూడా ఇటువంటిదే. తగిన చేతిలో, తగిన మోతాదులో అది దుర్భరమైన బాధను తొలగించే దివ్యౌషధం. మోతాదు మించితే నిద్రలోనే ప్రాణం తీసే విషం.

ఈ విషయంపై వ్రాయడానికి నాకొక కారణం ఉన్నది. కొన్ని సంవత్సరాల క్రితం నా పూర్వ విద్యార్థి ఒకడు ఈ వ్యసనం పాలైనాడు. తలిదండ్రులు ఎంతో శ్రమపడి చికిత్స చేయించారు. రెండు నెలల తరువాత ఆరోగ్యంగా ఇల్లు చేరుకున్నాడు. ఇంటిల్లిపాది సంతోషించారు. ఒకనాటి సాయంకాలం పాత స్నేహితులు కలిశారు. అతడు తనకు పూర్వం అలవాటున్న మోతాదునే మరల తీసుకున్నాడు. ఇంటికి వచ్చి పడుకొని పెద్దగా గురక పెట్టసాగాడు. “ఎన్నాళ్ళకో బిడ్డ హాయిగా నిద్రపోతున్నాడు, లేపకండి” అని తల్లి గది తలుపు దగ్గరగా వేసింది. తెల్లవారిన తరువాత ఆ తలుపు తెరిచిన వారికి కనిపించిన దృశ్యాన్ని ఇక్కడ వర్ణించబోవడం లేదు.

ఆ తల్లి చేసిన తప్పేమీ లేదు. ఆ గురక నిద్ర కాదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన వారిలో జీవశాస్త్రం బోధించే నేనూ ఒకడిని. ఆ ఋణభారంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

పూర్వ చరిత్ర

మన వంట ఇళ్ళలో వాడే గసగసాలు ఏ మొక్క విత్తనాలో, నల్లమందు కూడా ఆ మొక్క నుండే లభిస్తుంది. పచ్చి కాయపై సన్నని గాట్లు పెడితే పాలు స్రవిస్తాయి. అవి గాలికి ఆరి, నల్లబడి, ముద్దగా మారుతాయి. అందువల్లనే మనం దానిని నల్లమందు అన్నాము. అభిని అన్నా అదే. సంస్కృత వైద్య గ్రంథాలు దీనిని అహిఫేనమన్నాయి. అరబ్బులు అఫ్యూన్ అన్నారు. ఉర్దూలో అది అఫీమ్ అయినది. ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథమైన ‘అల్ ఖానూన్’లో దీనిని నొప్పిని మాన్పే మందుగా పేర్కొనడమే కాక, దాని ప్రమాదాన్ని కూడా తెలియజేశాడు. వెయ్యి సంవత్సరాల క్రితమే వైద్యులకు ఈ మందు రెండు ముఖాలూ తెలుసునన్నమాట.

ఆధునిక రసాయన శాస్త్రం 19వ శతాబ్ది ప్రారంభంలో ఈ రంగంలో అడుగుపెట్టింది. జర్మనీ దేశంలో సెర్ట్యూర్నర్ అనే యువ ఔషధకారుడు 1805 ప్రాంతంలో నల్లమందు నుండి దాని సారభూతమైన పదార్థాన్ని వేరుచేశాడు. గ్రీకుల స్వప్నదేవత మార్ఫియస్ పేరు మీద దానికి మార్ఫియం అని పేరు పెట్టాడు. అదే మార్ఫిన్. 1832లో కోడీన్ లభించింది. 1874లో రైట్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు మార్ఫిన్‌ను మార్పు చేసి మరొక పదార్థాన్ని తయారు చేశాడు. 1898లో ఒక జర్మన్ సంస్థ దానిని దగ్గు మందుగా ‘హెరాయిన్’ అనే పేరుతో విపణిలో ప్రవేశపెట్టింది. దగ్గు మందుగా వచ్చినది కొద్ది సంవత్సరాలలోనే దారుణమైన వ్యసనకారకమని తేలింది. 1960 ప్రాంతంలో బెల్జియం దేశంలో పాల్ జాన్సెన్ బృందం ఫెంటనిల్ అనే కృత్రిమ ఔషధాన్ని తయారు చేసింది. ఇది మార్ఫిన్ కంటె 50 నుండి 100 రెట్లు శక్తివంతమైనది.

నల్లమందు నుండి లభించేవి, దానిని మార్చి చేసినవి, దానివలె పనిచేసే కృత్రిమ మందులు – వీటన్నింటికీ కలిపి నేటి వైద్యులు ‘ఓపియాయిడ్లు’ అని పేరు పెట్టారు. మార్ఫిన్, కోడీన్, హెరాయిన్, ఫెంటనిల్, ట్రామడాల్, టాపెంటడాల్, మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ ఈ జాతికి చెందినవే.

శరీరంలోని తాళాలు

ఎక్కడో పొలంలో పెరిగే ఒక మొక్క పాలకు మానవుని మెదడుపై ఇంతటి ప్రభావం ఎందుకు ఉండాలి? ఈ ప్రశ్న చాలాకాలం శాస్త్రజ్ఞులను వేధించింది. 1973లో అమెరికాలో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్‌లు, మరి రెండు పరిశోధక బృందాలవారు, మెదడులోని నాడీకణాలపై ఈ మందులు అంటుకొనే ప్రత్యేక స్థానాలు ఉన్నాయని నిరూపించారు. వీటినే గ్రాహకాలు అంటారు. తాళానికి తాళపుచెవి ఎట్లాగో గ్రాహకానికి మందు అట్లాగు. అయితే శరీరం తనలో ఇటువంటి తాళాలను ఎందుకు నిర్మించుకున్నది? వాటికి సరిపోయే తాళపుచెవులు శరీరంలోనే తయారవుతూ ఉండాలి కదా! ఈ ఊహ నిజమైనది. 1975లో స్కాట్లాండులోని ఆబర్డీన్‌లో హ్యూస్, కాస్టర్లిట్జ్ అనే శాస్త్రజ్ఞులు మెదడు స్వయంగా తయారు చేసుకొనే ఎన్‌కెఫలిన్‌లను కనుగొన్నారు. తరువాత ఎండార్ఫిన్‌లు తెలియవచ్చాయి. దెబ్బ తగిలినప్పుడు నొప్పిని అదుపులో ఉంచుకొనడానికి ప్రకృతి మనకు ప్రసాదించిన మందులు ఇవి.

ఈ గ్రాహకాలలో మ్యూ, డెల్టా, కప్పా అనే ముఖ్య రకాలు ఉన్నాయి. మార్ఫిన్, హెరాయిన్‌లు ప్రధానంగా మ్యూ గ్రాహకాలను అంటుకుంటాయి. అప్పుడు నాడీకణంలోనికి కాల్షియం వచ్చే దారులు మూసుకొని, పొటాషియం వెలుపలికి పోయే దారులు తెరుచుకుంటాయి. ఫలితంగా ఆ కణం మందగించి, తన సందేశాన్ని తరువాతి కణానికి అందించలేకపోతుంది. వెన్నుపాములో ఈ విధంగా జరిగితే నొప్పి వార్త మెదడుకు చేరదు. మెదడులోని ఆనంద కేంద్రాలలో మాత్రం వేరొక విధంగా జరుగుతుంది. డోపమిన్ విడుదలకు పగ్గం వేసే కణాలను ఈ మందు నిద్రపుచ్చుతుంది. పగ్గం వదలిన గుర్రంవలె డోపమిన్ పొంగుతుంది. వ్యసనానికి బీజం పడేది అక్కడనే.

ఈ గ్రాహకాలు శరీరంలో పలు చోట్ల ఉండడం చేతనే ఒకే మందు పలు విధాలుగా పనిచేస్తుంది. ప్రేగుల కదలిక మందగించి మలబద్ధకం కలుగుతుంది. మెదడులోని వాంతి కేంద్రం ప్రేరేపితమై వికారం పుడుతుంది. చర్మంపై దురద పుట్టవచ్చును. కంటిపాపలు సూదిమొనంత సన్నబడతాయి. దగ్గు అణగిపోతుంది. వీటిలో ఏదీ సాధారణంగా ప్రాణం తీయదు. ప్రాణం తీసేది మరొకటి.

శ్వాస ఆగిపోయే విధానం

మనం మెలకువగా ఉన్నా, నిద్రలో ఉన్నా ఆరోగ్యవంతుడైన వయోజనుడు నిమిషానికి 12 నుండి 20 పర్యాయాలు శ్వాసిస్తాడు. ఈ లయను నడిపించేది మెదడు దిగువ భాగంలోని మజ్జాముఖం, దాని పరిసర కేంద్రాలు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు కొంచెం పెరగగానే ఈ కేంద్రాలు దానిని పసిగట్టి, “గాలి పీల్చు” అని ఛాతీ కండరాలకు, విభాజక పటలానికి ఆజ్ఞ పంపుతాయి. ఊపిరి బిగబట్టిన వాడు కొద్ది సేపటికే ఉక్కిరిబిక్కిరి అయి గాలి పీల్చడం ఈ ఆజ్ఞ ఫలితమే.

మ్యూ గ్రాహకాలు ఈ శ్వాస కేంద్రాలలోను ఉన్నాయి. అధికమైన మోతాదు వాటిని అంటుకున్నప్పుడు ఆ కేంద్రాలు మొద్దుబారుతాయి. బొగ్గుపులుసు వాయువు పెరుగుతున్నా వాటికి తెలియదు. శ్వాస నిమిషానికి పది, ఆరు, నాలుగు – ఈ విధంగా తగ్గుతూ పోతుంది. రోగికి ఉక్కిరిబిక్కిరి ఉండదు. పెనుగులాట ఉండదు. కేక ఉండదు. నాలుక, గొంతు కండరాలు సడలి వాయుమార్గాన్ని సగం మూయడం వల్ల గురకవంటి గరగర శబ్దం మాత్రం వినిపిస్తుంది. చూపరులకు అది గాఢనిద్రగా తోస్తుంది. ఈ మృత్యువు నిశ్శబ్దంగా వస్తుందని చెప్పడం ఇందుచేతనే.

మానవుని మెదడు శరీరపు బరువులో సుమారు 2 శాతం మాత్రమే. కాని శరీరం వాడుకొనే ప్రాణవాయువులో సుమారు 20 శాతం దానికే కావలెను. ప్రాణవాయువు పూర్తిగా అందకపోతే నాలుగైదు నిమిషాలలోనే మెదడు కణాలు చెడిపోవడం ప్రారంభమవుతుంది. ఆ తరువాత గుండె ఆగుతుంది.

హైదరాబాదు నేర్పిన పాఠం

ఇక్కడ మన నగర చరిత్రలోని ఒక అధ్యాయాన్ని స్మరించుకొనడం ఉచితం. శస్త్రచికిత్సకు ముందు క్లోరోఫారం ఇచ్చినప్పుడు కొందరు రోగులు హఠాత్తుగా మరణించేవారు. ముందు ఆగేది శ్వాసా, గుండెయా అన్న వివాదం ఆనాటి వైద్య ప్రపంచాన్ని రెండుగా చీల్చింది. హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో 1888, 1889 సంవత్సరాలలో రెండు పరిశోధక సంఘాలను ఏర్పరచి ఈ విషయాన్ని పరీక్షించారు. ముందు శ్వాస ఆగుతుందని, కనుక వైద్యుని దృష్టి ఎల్లప్పుడు రోగి శ్వాసపై ఉండవలెనని ఆ సంఘాలు తేల్చాయి.

క్లోరోఫారం విషయంలో ఆ తీర్పు సంపూర్ణం కాదని, అది గుండెను కూడా నేరుగా ఆపగలదని 20వ శతాబ్ది ప్రారంభంలో రుజువైనది. శాస్త్రంలో ఇటువంటి సవరణలు సహజం. కాని ఓపియాయిడ్ల విషయంలో హైదరాబాదు మాట అక్షర సత్యం. ఇక్కడ ముందు ఆగేది శ్వాసయే. శ్వాస ఆగిన తరువాత కూడా గుండె కొన్ని నిమిషాలు కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ కొద్ది నిమిషాలే రక్షకునికి లభించే అవకాశం. ఆ సమయంలో ఎవరైనా రోగి ఊపిరితిత్తులలోనికి గాలి పంపగలిగితే, ప్రాణం నిలుస్తుంది.

అలవాటు, ఓర్చుకొనే శక్తి

ఈ మందును పదే పదే తీసుకొనే వాని నాడీకణాలు క్రమంగా దానికి అలవాటుపడతాయి. నిన్నటి మోతాదు నేడు చాలదు. దీనిని వైద్యులు టాలరెన్స్ అంటారు. ఇందులో రెండు అంశాలు గమనార్హం. మొదటిది: మత్తు విషయంలో ఓర్చుకొనే శక్తి త్వరగా పెరుగుతుంది, శ్వాస విషయంలో అంత త్వరగా, అంత పూర్తిగా పెరగదు. కోరిన మత్తుకూ, ప్రాణాంతక మోతాదుకూ మధ్య ఉన్న ఎడం రానురాను ఇరుకవుతుంది. రెండవది: కొన్ని రోజులు, కొన్ని వారాలు మాని ఉంటే ఈ శక్తి పోతుంది. చికిత్సాలయం నుండి, చెరసాల నుండి వెలుపలికి వచ్చిన తొలి వారాలు అత్యంత ప్రమాదకరమైనవని పలు దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. శరీరం క్రొత్తదైనది, మోతాదు జ్ఞాపకం మాత్రం పాతది. నా విద్యార్థి ప్రాణం తీసినది ఇదే.

అలవాటుపడిన వాడు హఠాత్తుగా మానివేస్తే ఆవలింతలు, ముక్కు కారడం, గగుర్పాటు, విరేచనాలు, ఒళ్ళు నొప్పులు, నిద్రలేమి కలుగుతాయి. ఇది దుర్భరమైన బాధయే కాని, తగిన నీరు, పోషణ అందిస్తే సాధారణంగా ప్రాణాంతకం కాదు.

మరొక ప్రమాదం కలయికలో ఉన్నది. మద్యం, నిద్రమాత్రలు కూడా శ్వాసను అణచేవే. రెండు కలిసినప్పుడు ప్రమాదం అనేక రెట్లు అవుతుంది. తెలంగాణ ప్రాంతంలో కల్తీ కల్లులో డైజిపాం, ఆల్ప్రజోలం వంటి మందులు కలుపుతున్న ఉదంతాలను మనం పత్రికలలో చదువుతూనే ఉన్నాము. అటువంటి కల్లు త్రాగినవాడు నొప్పికని, మత్తుకని ఒక ట్రామడాల్ మాత్ర మింగితే ఏమి జరగవచ్చునో పాఠకులు ఊహించగలరు.

కోడీన్ విషయం కూడా చెప్పవలసి ఉన్నది. కాలేయం కోడీన్‌ను మార్ఫిన్‌గా మారుస్తుంది. ఈ మార్పు కొందరిలో పుట్టుకతోనే అతివేగంగా జరుగుతుంది. పెద్దల కోసం వ్రాసిన దగ్గు మందును పసిపిల్లలకు పోయడం అపాయకరమైనది ఇందుచేతనే. ఏడ్చే బిడ్డకు ఆవగింజంత నల్లమందు పెట్టి నిద్రపుచ్చే దురాచారం పూర్వం మన దేశంలో ఉండేది. ఆ నిద్ర నుండి లేవని బిడ్డలెందరో!

సమస్య పరిమాణం

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ప్రపంచం మొత్తం మీద మాదకద్రవ్యాల కారణంగా సుమారు 6 లక్షల మంది మరణించగా, వారిలో దాదాపు 80 శాతం మరణాలకు ఓపియాయిడ్లతో సంబంధం ఉన్నది. అమెరికాలో 2022లో మోతాదు మించిన మందుల వల్ల సుమారు 1,08,000 మంది మరణించారు. వారిలో 80 వేలకు పైగా ఓపియాయిడ్ల వల్ల మరణించినవారే, ముఖ్యంగా ఫెంటనిల్ వల్ల. మన దేశంలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నిర్వహించగా 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం సుమారు 2 కోట్ల 26 లక్షల మంది ఏదో ఒక ఓపియాయిడ్‌ను వాడుతున్నారు. కనుక ఇది పరదేశాల సమస్య అని మనం ఊరకుండరాదు.

గుర్తుపట్టే విధం

మూడు లక్షణాలు ముఖ్యమైనవి. విద్యార్థులు వీటిని కంఠస్థం చేయవలసిందిగా కోరుతున్నాను.

1. ఎంత పిలిచినా, భుజాలు తట్టినా, రొమ్ము ఎముకపై పిడికిలితో గట్టిగా రుద్దినా మెలకువ రాకపోవడం.

2. శ్వాస అతి మందంగా ఉండడం, లేదా ఆగి ఆగి రావడం, లేదా పూర్తిగా ఆగిపోవడం. గురకవంటి గరగర శబ్దం.

3. కంటిపాపలు సూదిమొనంత సన్నబడి ఉండడం.

వీటితోపాటు పెదవులు, గోళ్ళు నీలివర్ణానికి తిరుగుతాయి. నల్లని ఛాయ గలవారిలో పెదవుల లోపలి భాగం, గోళ్ళు చూడవలెను. అవి పాలిపోయి బూడిద రంగుగా కనిపించవచ్చును. ఒంటికి చెమట పట్టి చల్లబడవచ్చును. ప్రాణవాయువు బాగా తగ్గిపోయినప్పుడు కంటిపాపలు విప్పారి ఉండవచ్చును. ట్రామడాల్ వంటి మందులలో అవి సన్నబడకపోవచ్చును, మూర్ఛ కూడా రావచ్చును. కనుక కంటిపాపలను మాత్రమే నమ్ముకొని కూర్చుండరాదు. శ్వాసయే ప్రధానం.

చేయవలసిన పనులు

మొదట గట్టిగా పిలిచి, తట్టి లేపడానికి ప్రయత్నించవలెను. లేవకపోతే తక్షణం 108కి ఫోను చేయించవలెను. 2005లో హైదరాబాదు నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమై దేశంలోని అనేక రాష్ట్రాలకు విస్తరించిన సేవ ఇది. “మనిషి స్పృహలో లేడు, ఊపిరి ఆడడం లేదు” అని ఆ రెండు మాటలు స్పష్టంగా చెప్పవలెను. ఏ మందు తీసుకున్నాడో తెలిసి ఉంటే దాచకుండా చెప్పవలెను. మాత్రల అట్ట, సీసా దొరికితే వెంట పంపవలెను.

వాహనం వచ్చే వరకు చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. రోగిని వెల్లకిలా పరుండబెట్టి, నోటిలో ఏదైనా అడ్డం ఉంటే తీసివేసి, నుదుటిని వెనుకకు వంచి గడ్డాన్ని పైకి ఎత్తవలెను. సడలిన నాలుక తొలగి వాయుమార్గం తెరుచుకుంటుంది. కొన్ని పర్యాయాలు ఇంత మాత్రానికే శ్వాస సాగుతుంది. సాగకపోతే ముక్కు మూసి, నోటిపై నోరు ఆనించి, ఛాతీ పైకి లేచే వరకు గాలి ఊదవలెను. ఐదారు సెకండ్లకు ఒక పర్యాయం ఈ విధంగా చేయవలెను. నాడి తెలియకపోతే, లేదా సందేహమున్నా, ఛాతీ మధ్యభాగంలో రెండు అరచేతులతో నిమిషానికి 100 నుండి 120 పర్యాయాల వేగంతో నొక్కుతూ, ప్రతి 30 నొక్కుళ్ళకు రెండు పర్యాయాలు గాలి ఊదవలెను. శ్వాస తనంతట తాను సాగుతూ, స్పృహ మాత్రం లేకపోతే, రోగిని ఒక ప్రక్కకు తిప్పి, పై మోకాలు ముందుకు వంచి పరుండబెట్టవలెను. వాంతి అయినా అది ఊపిరితిత్తులలోనికి పోదు. ఒక్క క్షణం కూడా ఒంటరిగా విడువరాదు.

చేయరాని పనులు

“పడుకోనిస్తే మత్తు దిగుతుంది” అనే మాట అన్నింటికంటె ప్రమాదకరమైనది. స్పృహ లేనివాని నోటిలో చింతపండు పులుసు, మజ్జిగ, ఉప్పునీరు, కాఫీ – ఏదీ పోయరాదు. అది కడుపులోనికి కాక ఊపిరితిత్తులలోనికి పోతుంది. వేళ్ళు పెట్టి వాంతి చేయించరాదు. చన్నీళ్ళు కుమ్మరించడం, చెంపలు వాయించడం, ముక్కు వద్ద ఉల్లిపాయ ఉంచడం – వీటి వల్ల విలువైన నిమిషాలు వృథా అవుతాయే కాని శ్వాస కేంద్రం మేల్కొనదు. పోలీసులు వస్తారనే భయంతో, పరువు పోతుందనే భయంతో రోగిని గదిలో దాచడం వాని మరణానికి సంతకం చేయడమే.

నాలోక్సోన్ అనే విరుగుడు

ఓపియాయిడ్లకు నిజమైన తిర్యాఖ్ ఒకటి ఉన్నది. దాని పేరు నాలోక్సోన్. 1961లో అమెరికాలో జాక్ ఫిష్‌మన్, మోజెస్ లెవెన్‌స్టీన్‌లు దీనికి పేటెంటు కోరారు. 1971 నుండి అక్కడ వాడుకలో ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో దీనికి స్థానం ఉన్నది. విచిత్రమేమంటే దీని అణునిర్మాణం మార్ఫిన్ నిర్మాణాన్ని పోలి ఉంటుంది. అదే తాళంలో దూరుతుంది, కాని తాళాన్ని తిప్పదు. అంటే గ్రాహకానికి మార్ఫిన్ కంటె గట్టిగా అంటుకొని, మార్ఫిన్‌ను నెట్టివేసి, తాను ఏ ప్రభావమూ కలిగించకుండా ఆ స్థానాన్ని ఆక్రమిస్తుంది. శ్వాస కేంద్రం మేల్కొంటుంది. విషానికి విరుగుడు విషం పోలికతోనే ఉన్నదని ప్రాచీనులు ఊహించినది ఈ విధంగా నిజమైనది.

నరంలోనికి ఎక్కిస్తే ఒకటి రెండు నిమిషాలలో, కండరంలోనికి ఇస్తే కొద్ది నిమిషాలలో ఇది పనిచేస్తుంది. ముక్కులో చల్లే రూపంలో కూడా ఉన్నది. అమెరికాలో 2023 నుండి ఈ చల్లే మందును వైద్యుని చీటీ లేకుండానే విక్రయించడానికి అనుమతించారు. అపాయం చూడగల అవకాశం ఉన్న సామాన్య ప్రజలకు దీనిని అందుబాటులో ఉంచి, వాడకం నేర్పవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో సిఫారసు చేసింది. మన దేశంలో ఇది ప్రధానంగా వైద్యశాలలలో సూదిమందుగా వాడబడుతున్నది. మద్యానికి, నిద్రమాత్రలకు ఇది విరుగుడు కాదు. అయినా పొరపాటున ఇచ్చినంత మాత్రాన హాని చేయదు. కనుక సందేహం ఉన్నప్పుడు ఇవ్వడమే మేలు.

దీనికొక పరిమితి ఉన్నది. దీని ప్రభావం సుమారు 30 నుండి 90 నిమిషాలు మాత్రమే. మార్ఫిన్ ప్రభావం కొన్ని గంటలు, మెథడోన్ ప్రభావం ఒక దినానికి మించి ఉండవచ్చును. విరుగుడు దిగిపోయిన తరువాత రక్తంలో మిగిలి ఉన్న మందు మరల తాళాలను ఆక్రమిస్తుంది. లేచి కూర్చుని మాట్లాడిన మనిషి మరల ఊపిరి ఆగిపోయే స్థితికి రావచ్చును. కనుక “లేచాడు కదా” అని వైద్యశాల నుండి తీసుకొనిపోరాదు. అక్కడ వైద్యులు ప్రాణవాయువు ఇచ్చి, శ్వాసను లెక్కిస్తూ, అవసరమైతే నాలోక్సోన్‌ను సెలైను ద్వారా నిదానంగా ఎక్కిస్తూ గంటల తరబడి కాపలా కాస్తారు. రోగి పూర్తిగా మేల్కొనడం వారి తొలి లక్ష్యం కాదు, తనంతట తాను చక్కగా శ్వాసించడమే లక్ష్యం. ఒక్కసారిగా ఎక్కువ మోతాదు ఇస్తే అలవాటుపడిన వానికి తీవ్రమైన ఉపసంహరణ బాధ, ఆందోళన, వాంతులు కలుగుతాయి.

వ్యసనం – చికిత్స – చట్టం

ప్రాణం దక్కిన తరువాత అసలు చికిత్స ప్రారంభమవుతుంది. వ్యసనాన్ని కేవలం మనోబలహీనతగా భావించడం అశాస్త్రీయం. మెదడు నిర్మాణమే మార్పు చెందిన దీర్ఘవ్యాధి అది. మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ అనే మందులను వైద్యుల పర్యవేక్షణలో క్రమంగా వాడే పద్ధతి మరణాలను గణనీయంగా తగ్గిస్తున్నదని రుజువైనది. మత్తు పదార్థాలపై మన దేశంలో 1985 నుండి కఠినమైన చట్టం అమలులో ఉన్నది. అయితే వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకు వచ్చినప్పుడు, కొన్ని పరిమితులకు లోబడి, శిక్ష నుండి మినహాయింపు ఇచ్చే నిబంధన కూడా ఆ చట్టంలో ఉన్నది. ఈ సంగతి చాలామందికి తెలియదు. సలహా కోసం 14446 అనే జాతీయ ఉచిత ఫోను సౌకర్యం ఉన్నది.

ఇంకొక మాట. ఈ వ్యాసం చదివి మార్ఫిన్ అంటేనే భయపడవద్దు. క్యాన్సరు రోగి అంతిమ దినాలలో అనుభవించే వేదనకు మార్ఫిన్ కంటె మేలైన సాధనాలు అరుదు. సుశిక్షితుడైన వైద్యుని చేతిలో, క్రమమైన మోతాదులో అది సురక్షితమైనది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు వైద్యశాలలో ఇటువంటి రోగుల వేదన తగ్గించడానికి ప్రత్యేక విభాగం పనిచేస్తున్నది. నిర్దయగా నిషేధించడం వల్ల రోగులు విలపిస్తారు, నిర్లక్ష్యంగా వదలివేయడం వల్ల యువకులు మరణిస్తారు. వివేకం ఈ రెంటి మధ్యనే ఉన్నది.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! ఈ వ్యాసంలోని శాస్త్రజ్ఞుల పేర్లు, సంవత్సరాలు మీరు మరచిపోయినా నాకు చింత లేదు. లేవని నిద్ర నిద్ర కాదని, వింత గురక సుఖానికి చిహ్నం కాదని, చూడవలసినది శ్వాసనని గుర్తుంచుకుంటే చాలును. మీ ఇంటికి వెళ్ళి మీ అమ్మగారికి, మీ అమ్మీజాన్‌కు, వారికి అర్థమయ్యే భాషలో ఈ మూడు మాటలు చెప్పండి.

కళాశాల పాలక సంఘం వారికి ఒక విన్నపం. నోటితో శ్వాస అందించడం, గుండె నొక్కడం, ప్రక్కకు తిప్పి పరుండబెట్టడం – ఈ మూడింటిని ప్రతి సంవత్సరం ఒక పూట తెలుగులోను, ఒక పూట ఉర్దూలోను ప్రత్యక్షంగా నేర్పించే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. దీనికి ఖర్చు స్వల్పం. ఒక గది, ఒక బొమ్మ, ఒక శిక్షకుడు ఉంటే చాలును. ఎక్కడో ఒక ఇంట, ఏదో ఒక రాత్రి, ఎవరో ఒక విద్యార్థి మూయబోయే తలుపును మరల తెరిస్తే ఆ ఖర్చుకు సార్థకత లభిస్తుంది.